నామ ఉపవాక్యాన్ని కుదిస్తే పోయేదేమిటి?

'సంక్లిష్ట వాక్యాన్ని సామాన్య వాక్యంగా మార్చండి' అన్న ప్రశ్న కనబడగానే మీరు 'దట్' కొట్టేసి, క్రియను నామవాచకం చేసి ముందుకు పోతారు. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం నుంచి బజారు గైడ్ల దాకా చూపే దారి అదే. 'హి కన్ఫెస్డ్ దట్ హి వాజ్ గిల్టీ' అన్నది 'హి కన్ఫెస్డ్ హిజ్ గిల్ట్' అవుతుంది. ఇక్కడ పేచీ లేదు. పేచీ ఎక్కడో చూడాలంటే విజయనగరం వెళ్దాం.

1892లో అక్కడ ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెద్ద మార్పులతో మళ్లీ వెలువడిన 'కన్యాశుల్కం' మీరెరిగినదే. ఆ కథ మీద నేను కట్టిన వాక్యం ఇది: 'వెంకటేశం బిలీవ్డ్ దట్ గిరీశం వాజ్ లెర్నెడ్'. ఇందులో పాండిత్యం వెంకటేశం నమ్మకం మాత్రమే. దీన్ని 'బిలీవ్డ్ ఇన్ గిరీశమ్స్ లెర్నింగ్' అని కుదిస్తే ఆ పాండిత్యం నిజంగానే ఉన్నట్టు ధ్వనిస్తుంది. గిరీశానికి ఇంతకంటే కావలసిందేముంది! 'బిలీవ్డ్ గిరీశం టు బి లెర్నెడ్' అంటే అర్థం చెడదు.

ఇంకొకటి చూడండి. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వాలని తండ్రి నిశ్చయిస్తాడు. 'నోబడీ ఆస్క్డ్ వెదర్ సుబ్బి కన్సెంటెడ్' అంటే ఆ పిల్లకు ఇష్టమో కాదో ఎవరూ కనుక్కోలేదని. 'నోబడీ ఆస్క్డ్ ఫర్ సుబ్బీస్ కన్సెంట్' అంటే ఆమె ఒప్పుకోలు ఎవరూ కోరలేదని. కనుక్కోవడం వేరు, కోరడం వేరు. 'వెదర్'లో 'కాదు' అనే జవాబుకు చోటుంది. 'కన్సెంట్' అన్న మాటలో ఆ చోటు మూసుకుపోయింది. ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దుతూ రెండో వాక్యానికి పూర్తి మార్కులు వేసినవాణ్ణి నేనూ ఉన్నాను. ఇప్పుడైతే వెయ్యను.

కాలం సంగతీ అంతే. 'వస్తాడని తెలుసు', 'వచ్చాడని తెలుసు' అని మన శ్రీకాకుళం సంతలో ఎవరన్నా తేడా తెలుస్తుంది. మన 'అని' క్రియను చెక్కుచెదరకుండా మోస్తుంది. 'అతని రాక తెలుసు' అంటే ఎప్పటి రాకో తెలియదు. 'హిజ్ కమింగ్' కూడా అలాంటిదే. కాబట్టి కుదించే ముందు ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో ఒకసారి పైకి అనుకోండి.

'లుబ్ధావధాన్లు డిడ్ నాట్ నో దట్ హిజ్ బ్రైడ్ వాజ్ ఎ బాయ్.' దీన్ని కుదించి చూడండి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో రెండు వాక్యాల్లో రాయండి.