వేదిక, తరగతి గది: నారాయణదాసు హరికథను చదివే పద్ధతి

ఉత్తరాంధ్ర సాహిత్య, సంగీత చరిత్రలో 1919 ఒక మలుపు. ఆ సంవత్సరం పూసపాటి విజయరామ గజపతిరాజు విజయనగరంలో నెలకొల్పిన విజయరామ గాన పాఠశాలే నేటి మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల. దానికి తొలి అధ్యక్షులు హరికథా పితామహులుగా పేరొందిన ఆదిభట్ల నారాయణదాసు (1864-1945). గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం అని శాఖలవారీగా విద్య నేర్పే సంస్థకు, ఆ విభజనకు లొంగని కళారూపంలో జీవితం గడిపిన వ్యక్తి నాయకత్వం వహించారు. ఈ వైరుధ్యం వెలుగులో దాసు హరికథలను ఎలా చదవాలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

హరికథకుడు కవి, గాయకుడు, నర్తకుడు, వ్యాఖ్యాత. ఈ నాలుగు పాత్రలూ ఒకే దేహంలో, ఒకే సమయంలో జరగాలి. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరుతలు, నోట పద్యం. మరుక్షణంలో వచనం, ఆ వెంటనే కీర్తన. కాళ్లు, చేతులు, శిరస్సు ఐదింటితో ఐదు తాళాలను నడపగల దాసును ‘పంచముఖీ పరమేశ్వరు’డని, ‘లయబ్రహ్మ’ అని లోకం కీర్తించింది. ఆయన విద్వత్తును ఏదో ఒక శాఖకు పరిమితం చేయడం సాధ్యం కాదు. సంస్కృతాంధ్రాలతో పాటు ఆంగ్లం, పారశీకం ఆయనకు పరిచితాలు. కాళిదాసును, షేక్స్పియరును పక్కపక్కన నిలిపిన ‘నవరస తరంగిణి’, లలితా సహస్రనామాలను అచ్చతెలుగు చేసిన ‘తల్లివిన్కి’ అందుకు సాక్ష్యాలు.

ఆయన స్వీయచరిత్ర పేరు ‘నా యెఱుక’. ‘విద్య’ అనక ‘ఎఱుక’ అనడం గమనార్హం. విద్య ఒకరు చెప్పగా మరొకరికి వచ్చేది. ఎఱుక అనుభవంలో తనంత తాను తెలిసివచ్చేది. ఈ గ్రంథం దాసు తొలి మూడు దశాబ్దాల జీవితానికే పరిమితం. కళాశాల అధ్యక్షత అందులోకి రాదు. కనుక అధ్యక్షుడిగా ఆయనకు దక్కిన గౌరవాన్ని వెనక్కి జరిపి, ఆ తొలి జీవితాన్నంతా కళాశాలకు సన్నాహంగా చదవడం పొరపాటు. వేదిక మీద సిద్ధించిన ఎఱుకే అధ్యక్ష పీఠానికి అర్హత అయింది.

ద్వారం వెంకటస్వామి నాయుడి ఉదంతం ఈ విషయాన్నే బలపరుస్తుంది. విద్యార్థిగా చేరడానికి వచ్చిన ఆయన వాదనం విని, దాసు ఆచార్యుడిగానే తీసుకున్నారని ప్రసిద్ధి. వినికిడి ఇక్కడ పరీక్ష, యోగ్యతాపత్రం కాదు. వయొలిన్‌ను పక్కవాద్యం స్థాయి నుండి ఏకవాద్య కచేరీకి తెచ్చిన ద్వారం 1936లో దాసు తరువాత అధ్యక్షులయ్యారు. ఘంటసాల వెంకటేశ్వరరావు ఈ ఊళ్లోనే పట్రాయని సీతారామశాస్త్రి వద్ద సంగీతం అభ్యసించారు. మధుకరంతో, అంటే ఇంటింటా అడిగి తెచ్చుకున్న అన్నంతో, చదువు సాగించారు. కళాశాల స్వరం నేర్పితే, ఊరు అన్నం పెట్టింది. సంగీత విద్య తరగతి గదికి బయట కూడా నిలబడిందన్నది దీని సారాంశం.

అయినా శాఖల విభజన విమర్శపై తన ముద్ర వేసింది. తెలుగు పరిశోధకులు ‘రుక్మిణీ కల్యాణం’, ‘జానకీ శపథం’ వంటి హరికథల్లో పద్యశిల్పాన్ని, అలంకారాలను, పదప్రయోగాలను పరిశీలిస్తారు. ప్రతి రచన శీర్షాన ఉన్న రాగతాళ నామాలను దాటిపోతారు. సంగీత పరిశోధకులు కీర్తనను వేరుచేసి స్వరపరుస్తారు. దాని ముందున్న వచనాన్ని వదిలేస్తారు. ఇరువురి చేతా విడిచిపెట్టబడేది పద్యం నుండి వచనానికి, వచనం నుండి పాటకు మారే సంధి. హరికథలో రసం నిలిచేది ఆ సంధిలోనే. తొంభై రాగాలను ఒకే రచనలో కూర్చిన ‘దశవిధ రాగ నవతి కుసుమ మంజరి’ని మౌనంగా చదివితే మిగిలేది పదాల జాబితా, ఒక రాగం నుండి మరో రాగానికి నడక తెలిస్తేనే దాని నిర్మాణం బోధపడుతుంది.

హరికథ సభ కూడా అలాంటి సంధిస్థలమే. నౌపడ ఉప్పుమళ్ల కూలీకీ, విజయనగరం కోట పండితుడికీ ఒకే కథ అందాలి. శ్లోకం పండితుడిని నిలబెడితే, పిట్టకథ కూలీని కూర్చోబెడుతుంది. పాట ఇద్దరినీ కలుపుతుంది. అచ్చతెలుగును, సంస్కృత సమాసాన్ని పక్కపక్కనే వాడడాన్ని భాషా వైదుష్య ప్రదర్శనగా మాత్రమే చూస్తే ఈ శ్రోతృవైవిధ్యం కనుమరుగవుతుంది.

దీనిని బట్టి కళాశాల హరికథకు హాని చేసిందనలేం. గురువు ఇంటి గడపకే పరిమితమైన విద్యను అది పలువురికి అందుబాటులోకి తెచ్చింది, పి. సుశీల వంటి గాయనులకు పునాది వేసింది. లోపం సంస్థలో కన్నా దాని విభాగాలను కళారూపానికి ఆపాదించిన పఠనంలో ఎక్కువగా ఉంది. హరికథా గ్రంథం కావ్యం కాదు, స్వరలిపి కాదు. ప్రయోగానికి సిద్ధంచేసిన పాఠం. రాగతాళ సూచనలు అందులో అంతర్భాగాలు. తెలుగు శాఖలో హరికథను బోధించేటప్పుడు కనీసం ఒక ఘట్టాన్నైనా వినిపించి, విన్న తరువాత చదివించగలిగితే, 1919లో ఒకే వ్యక్తిలో కలిసి ఉన్న వేదిక, తరగతి గది మళ్లీ ఒకచోటికి చేరతాయి.