అగ్గిపెట్టెల పుట్టుపూర్వములు: పరిశోధనా పద్ధతిపై విమర్శ

పాత అగ్గిపెట్టె యొకటి చేజిక్కినంతనే, దానిపై నున్న పేరును చదివి యదియే దాని జన్మస్థానమని నిర్ణయించుట సేకరణకర్తలలో పెక్కుమందికి అలవాటు. ఇది పరిశోధన యనిపించుకొనదు. బొమ్మ కొనువాని కొఱకు వేయబడినది. చేసినవానిని గూర్చి అది పలుకదు. స్వీడను కర్మాగారములు మన విపణికై హిందూ దేవతల పటములను అచ్చు వేయించెను. జపాను వర్తకులు స్వీడను పటములనే అనుకరించిరి. కావున లక్ష్మీదేవి బొమ్మగల పెట్టె స్వీడనులోని యోన్షోపింగు పట్టణమున పుట్టినదైనను కావచ్చును. తెలుగక్షరము లున్నంతమాత్రమున పెట్టె ఆంధ్రదేశపుదనుటయు ఇట్టి తొందరపాటే.

పతకముల విషయము మఱింత మోసకరము. ప్రదర్శనములలో పొందిన పతకములను కంపెనీలు దశాబ్దములపాటు ముద్రించుకొనుచుండెను. అందలి సంవత్సరము, పెట్టె యంతకు ముందటిది కాదని మాత్రమే తెలుపును.

చెక్కపెట్టెల సంగతియు నంతే. వానిపై నల్లసిరాతో నున్న ఊరిపేరు సరకు చేరవలసిన రేవుది కావచ్చును. ఖాళీ పెట్టెలను వర్తకులు వేఱు సరకులకును వాడుకొనెడివారు. పెట్టె దొరికిన కొట్టు దాని పుట్టిల్లు కాదు.

నమ్మదగిన సాక్ష్యము సుంకముల చరిత్రలో కలదు. 1922లో దిగుమతి సుంకము గ్రోసు ఒక్కింటికి రూపాయి ఎనిమిదణాలు కాగా, విదేశపు సరకు తగ్గెను. 1923లో స్వీడను పెట్టుబడితో వెస్టరన్ ఇండియా మ్యాచ్ కంపెనీ యిచ్చటనే వెలసెను. కలకత్తాలో ఆ విద్య నేర్చి వచ్చిన అయ్య నాడారు, షణ్ముగ నాడారు శివకాశిలో పరిశ్రమకు పునాది వేసిరి. 1934లో ఎక్సైజు సుంకము వచ్చి, పెట్టెపై సుంకపు పట్టీ అతికించు పద్ధతి యేర్పడెను. ఆ పట్టీ తునక యొక్కటి మిగిలియున్నను కాలనిర్ణయమునకు పటముకన్న మేలు. పటమును నీట నానబెట్టి ఊడదీసి, పెట్టెను పట్టీని పారవైచువాడు సాక్ష్యమును తన చేతులతోనే చెఱచుచున్నాడు.

పెట్టెపై నెన్నడును అచ్చు కానిది మఱొకటి కలదు. శివకాశి, సాత్తూరు, కోవిల్పట్టి ప్రాంతములలో చట్రములలో పుల్లలు పేర్చినవారు, ఇండ్లలో పెట్టెలు అతికించినవారు హెచ్చుగా స్త్రీలును బాలలును. బాలకార్మికులను గూర్చి 1986లో చట్టము, 1996లో శివకాశి విషయమై సుప్రీంకోర్టు తీర్పు వచ్చినవి. తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములును ఆ సీమలో నున్నవి. అచ్చటి వృద్ధుల నడిగి, ఏ పెట్టె ఏ యింట అతుకబడెనో వ్రాసికొనుట పటముల జాబితాకన్న ముందు జరుగవలసిన పని.