నూటికి అరవై

ఆన్‌లైన్ ఫాంటసీ ఆటలోకి కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది కత్తి పట్టే వీరుణ్ణో, నిప్పులు కురిపించే మాంత్రికుణ్ణో ఎంచుకుంటారు. నేను లినేజ్ 2 ఆడినంత కాలం ఆ వీరుడికి కత్తి చేసిచ్చే డ్వార్ఫ్‌గానే ఆడాను. మళ్లీ మొదలుపెట్టమన్నా అదే ఎంచుకుంటాను. పరాయివాళ్ల సొత్తు మన చేతికొచ్చినప్పుడు ఎలా మసలుకోవాలో ఆ పొట్టి కమ్మరి పాత్ర నేర్పినట్టు ఇంకే ఆటా నాకు నేర్పలేదు.

లినేజ్ 2ను దక్షిణ కొరియా కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ 2003లో తమ దేశంలోనూ, 2004లో ఉత్తర అమెరికాలోనూ విడుదల చేసింది. మొదట్లో అందులో అయిదు జాతులుండేవి: మనుషులు, ఎల్ఫ్‌లు, డార్క్ ఎల్ఫ్‌లు, ఆర్క్‌లు, డ్వార్ఫ్‌లు. ఆట పురాణం ప్రకారం డ్వార్ఫ్‌లు భూదేవత మాఫర్ సృష్టి. మిగతా నాలుగు జాతుల్లో యోధులూ ఉన్నారు, మంత్రగాళ్లూ ఉన్నారు. డ్వార్ఫ్‌లకు మంత్రగాళ్ల దారి లేదు. బరువు మోయడంలో మాత్రం వాళ్లను మించినవాళ్లు లేరు. ఇతరుల సంచిలో 80 గళ్లుంటే డ్వార్ఫ్ సంచిలో 100 ఉంటాయి. ఆ ఇరవై గళ్ల తేడాలోనే వాళ్ల బతుకుతెరువు తెలిసిపోతుంది.

20వ లెవెల్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి స్కావెంజర్, అంటే సేకరించేవాడు. రెండోది ఆర్టిజన్, అంటే తయారుచేసేవాడు. ఆర్టిజన్ 40వ లెవెల్లో వార్‌స్మిత్ అవుతాడు, 76లో మ్యాస్ట్రో అవుతాడు. నేను పట్టుకున్నది ఈ రెండో దారి. డి, సి, బి, ఎ, ఎస్ అని మెట్లుమెట్లుగా ఉండే ఆయుధాల్ని, కవచాల్ని రెసిపీ ప్రకారం తయారుచేసే విద్య డ్వార్ఫ్‌లదే. కోట గెలిచిన క్లాన్ (ఆటగాళ్ల దండు) నాయకుడైనా, సర్వర్‌లో పేరుమోసిన విలుకాడైనా, మంచి సరుకు చేయించుకోవాలంటే డ్వార్ఫ్ దగ్గరికి రావలసిందే.

ఈ ఊహ కొరియాలో పుట్టింది కాదు. పదమూడో శతాబ్దంలో ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టర్లుసన్ కూర్చిన నార్స్ గాథల్లో దేవతల ఆయుధాలు చేసేది డ్వార్ఫ్‌లే. ఉరుముల దేవుడు థోర్ సుత్తి వాళ్ల కొలిమిలోనే తయారైంది. ఆ డ్వార్ఫ్‌లలో సిండ్రి పని చేస్తుంటే బ్రోక్ తిత్తి ఊదుతుంటాడు. వాళ్లతో పందెం కాసిన లోకి అనే దేవుడు ఈగ రూపంలో వచ్చి బ్రోక్ కనురెప్ప మీద కుడతాడు. నెత్తురు కంట్లోకి కారుతుంది. తుడుచుకోవడానికి అతను ఒక్క క్షణం తిత్తి వదిలేస్తాడు. ఆ క్షణం వల్లే సుత్తి పిడి పొట్టిగా వచ్చింది. అయినా వాళ్లు దాన్ని దాచకుండా దేవతల ముందు పెట్టారు, దేవతలు అన్నిటిలోకీ అదే గొప్పదన్నారు. పని తెలిసినవాళ్లు చెప్పుకోవలసిన కథ ఇది. ఎంత నిష్ఠగా కూర్చున్నా కొలిమి దగ్గర మన అదుపులో లేనిది ఒకటి ఉంటుందని ఇది ఒప్పుకుంటుంది.

ఆటలో కమ్మరం ముడిసరుకుతో మొదలవుతుంది. అయిదు ఇనుప ఖనిజాలకు అయిదు వార్నిష్‌లు కలిపితే ఒక ఉక్కు. మూడు బొగ్గులు, మూడు కట్టెబొగ్గులు కలిపితే ఒక కోక్. ఆరు జంతు చర్మాలకు ఒక తోలు. పది ఎముకలకు ఒక ఎముకపొడి. వీటిని మళ్లీ కలిపితే ఇంకో మెట్టు సరుకు, వాటిని కలిపితే ఆ పై మెట్టుది. చివరికి కత్తికి అలుగు, విల్లుకు దాని భాగాలు, స్ఫటికాలు, రత్నాలు చేరతాయి. ఒక సి గ్రేడ్ ఆయుధాన్ని మొదటి మెట్టు దాకా విప్పి చూస్తే వందల కొద్దీ ఖనిజాలు, చర్మాలు, ఎముకలు కనిపిస్తాయి. ఆ లెక్కంతా కాగితం మీద వేసుకోవడం నాకు యుద్ధం కంటే ఎక్కువ ఇష్టంగా ఉండేది. ఏది కొనాలి, ఏది అడవికెళ్లి తెచ్చుకోవాలి, ఏది ముందు చేసి గిడ్డంగిలో పెట్టాలి అన్నది తేల్చుకోవడంలోనే సగం పని అయిపోయేది.

ఈ సరుకు తేవడంలో స్కావెంజర్ చేయి పెద్దది. మృగం బతికుండగానే దాని మీద స్పాయిల్ వేస్తాడు. అది ఫలిస్తే, మృగం చచ్చాక స్వీప్ చేసి మామూలుగా రాలే వస్తువులకు మించి ముడిసరుకు రాబట్టుకుంటాడు. అతను లేకపోతే ఆర్టిజన్ కొలిమి చల్లారిపోతుంది. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికుంటుంది, ఆ ఇద్దరి అవసరం లోకానికంతటికీ ఉంటుంది. దెబ్బ బలాన్ని రెట్టింపు చేసే సోల్‌షాట్ల కోసం యోధులు రోజూ డ్వార్ఫ్‌ల చుట్టూ తిరిగేవాళ్లు. పనికిరాని ఆయుధాన్ని పగలగొట్టి, ఆ సోల్‌షాట్లకు కావలసిన స్ఫటికాలుగా మార్చే విద్య కూడా అప్పట్లో డ్వార్ఫ్‌లదే.

ఇంకో సంగతి. ఎన్ని కత్తులు చేసినా అనుభవం పాయింట్లు ఒక్కటీ రావు. పై గ్రేడ్ వస్తువు చేయాలంటే లెవెల్ పెరగాలి, లెవెల్ పెరగాలంటే అడవికి వెళ్లి పోరాడాలి. ఆర్టిజన్ పోరాటంలో మేటి కాడు కాబట్టి జట్టులో చోటు సులువుగా దొరకదు. అయినా సుత్తి భుజాన వేసుకుని వెళ్లాలి. ఈ నియమం కఠినమైనదే కానీ నాకు న్యాయంగానే తోచింది. తాను చేసిన కవచం మీద దెబ్బ ఎక్కడ పడుతుందో చేసేవాడికి తెలిసి ఉండాలి. కోట ముట్టడి రోజున అదే ఆర్టిజన్, వార్‌స్మిత్ అయ్యాక, సీజ్ గోలెమ్‌ను పిలిచి కోట తలుపుల మీదికి నడిపిస్తుంటే, అంతవరకు పక్కన నిలబెట్టిన వాళ్లే అతని చుట్టూ చేరి కాపలా కాసేవాళ్లు.

పని జరిగే చోటు గిరన్ పట్నం. దాని నడిబొడ్డున నేల మీద వరసలు వరసలుగా డ్వార్ఫ్‌లు కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరి తల మీద ఒక బోర్డు: ఏం అమ్ముతారో, ఏం కొంటారో, ఏం చేసిస్తారో. చేసిచ్చే దుకాణం పద్ధతి మనవాళ్లు కంసాలికి సొంత బంగారం ఇచ్చి నగ చేయించుకునే పద్ధతి లాంటిదే. సరుకు గిరాకీది, విద్య మనది. మనకు దక్కేది మజూరీ మాత్రమే, ఆటలోని డబ్బు అడెనాల్లో. చేసిన ప్రతిసారీ మన ఎంపీ, అంటే పాత్ర మంత్రశక్తి, ఖర్చవుతుంది. అయిపోతే మళ్లీ నిండేదాకా ఆగాలి. ఆ రోజుల్లో దుకాణం తెరిచి ఉండాలంటే కంప్యూటర్ కూడా తెరిచే ఉండాలి, అందుకే రాత్రంతా దాన్ని అలాగే వదిలి పడుకునేవాళ్లం.

ఇక అసలు విషయం. ఉక్కు, తోలు, ఎముకపొడి లాంటి రెసిపీలు నూటికి నూరు పాళ్లు ఫలిస్తాయి. మంచి ఆయుధాల దగ్గరికి వచ్చేసరికి చాలా రెసిపీల పేరు పక్కన 60% అని ఉంటుంది. ఫలిస్తే ఆయుధం వస్తుంది. ఫలించకపోతే సరుకంతా పోతుంది. ఉక్కు పోతుంది, అలుగు పోతుంది, స్ఫటికాలు పోతాయి. రెసిపీ ఒక్కటే మన పుస్తకంలో మిగులుతుంది. వారాల తరబడి నలుగురు కలిసి పోగుచేసింది ఒక్క క్లిక్‌తో మాయమవుతుంది.

అరవై అంటే సగం కంటే ఎక్కువే కదా అని ధీమాగా వస్తారు. లెక్క వేసి చూపిస్తే తెలుస్తుంది. వరసగా రెండుసార్లు పోయే అవకాశం నూటికి 16. ఒక్క ఆయుధం కోసం ఒక్క జత సరుకు తెచ్చినవాడు నూటికి 40 పాళ్లు వట్టి చేతులతో వెళ్లడానికి సిద్ధపడి రావాలి. రెండు జతలు తెస్తే కనీసం ఒకటి దక్కే అవకాశం 84కు చేరుతుంది. మూడు తెస్తే 93 దాటుతుంది. ఈ అంకెలు నేను గిరాకీ వచ్చిన ప్రతిసారీ చెప్పేదాన్ని. విసుక్కున్నవాళ్లకూ చెప్పేదాన్ని. రెసిపీ పేరులోనే అంకె ఉంది కదా, చెప్పడమెందుకు అని తోటి కమ్మరులు అడిగేవాళ్లు. అంకె కళ్ల ముందే ఉన్నా, ఆశ ఉన్నవాడు దాన్ని తనకు అనుకూలంగానే చదువుకుంటాడు. ఆ సరుకుకు ఏమవుతుందో స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత దాన్ని కరిగించే చేతిదే.

ఒక విలుకాడు గుర్తున్నాడు. విల్లు కోసం ఒక జత సరుకు తెచ్చాడు, అతని క్లాన్ మొత్తం సాయం చేసి పోగుచేసింది. లెక్క చెప్పి, రెండో జత కూడా సిద్ధమయ్యాక రమ్మన్నాను. ఆగలేనన్నాడు. చేశాను, పోయింది. కాసేపు ఏమీ టైప్ చేయకుండా నిలబడి, మజూరీ ఎంతని అడిగి, ఇచ్చి వెళ్లిపోయాడు. విల్లు ఆ తర్వాత ఎవరి దగ్గరో తయారుగా ఉన్నది కొనుక్కున్నాడు. కానీ ఆ రోజు నుంచి సోల్‌షాట్లు మాత్రం నా దగ్గరే కొనేవాడు. తన క్లాన్‌లో కొత్తగా చేరినవాళ్లను కూడా నా దుకాణానికే పంపేవాడు. చేతికి ఏమీ ఇవ్వలేకపోయిన రోజే అతని నమ్మకం నాకు దొరికింది.

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందా అని చాలా ఆలోచించాను. ఒకే రెసిపీ నేర్చిన ఇద్దరు వార్‌స్మిత్‌లకు ఫలించే అవకాశం సరిగ్గా ఒకటే. ఏళ్ల తరబడి చేసినవాడికీ, నిన్న నేర్చినవాడికీ అదే 60. ఫలానా ఊళ్లో, ఫలానా వేళ చేస్తే కలిసొస్తుందని కొందరికి నమ్మకాలుండేవి గానీ, ఆట లెక్కలో వాటికి చోటు లేదు. చేతివాటం తేడా లేనప్పుడు ఒక కమ్మరి దగ్గరికే గిరాకీ ఎందుకు చేరాలి? నాకు తోచిన జవాబు ఇది. చేతిపనిలో నైపుణ్యం అనుకునేదాంట్లో పెద్ద భాగం చేతిలో ఉండదు. సరుకు అందకముందే ఏం అవసరమో సరిగ్గా చెప్పడం, తక్కువపడిన నాలుగు ఉక్కులు తన గిడ్డంగి నుంచి సర్దడం, చెప్పిన వేళకు ఉండటం, పోయినప్పుడు తప్పించుకోకుండా అక్కడే కూర్చోవడం: ఇవన్నీ పనిలో భాగమే. ఆట యాదృచ్ఛికతను అందరికీ సమానంగా పంచి, మిగిలిన ఈ భాగాన్ని మాకు విడిగా చూపించింది.

ఇదంతా సాధ్యమైంది ఆట ఒక విద్యను ఒక్క జాతికే ఇచ్చి, మిగతావాళ్లను వాళ్ల మీద ఆధారపడేలా చేసింది కాబట్టి. 2004లోనే వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ దీనికి భిన్నమైన దారి పట్టింది. అక్కడ ఏ జాతివాడైనా, ఏ తరగతివాడైనా రెండు ప్రధాన వృత్తులు నేర్చుకోవచ్చు. అది సౌకర్యం, కాదనను. ఒంటరిగా ఆడేవాడికి, తెలిసిన కమ్మరి ఎవరూ లేనివాడికి లినేజ్ 2 పద్ధతి నిజంగా కష్టం పెట్టింది. లినేజ్ 2 కూడా ఆ పద్ధతి మీద అలాగే నిలబడిపోలేదు. 2011 నాటి పెద్ద మార్పుల్లో పై స్థాయి తరగతులన్నిటినీ ఎనిమిది గుంపులుగా కలిపేశారు. మ్యాస్ట్రో యోధుల గుంపులో చేరిపోయాడు. ఆడటం సులువైంది. కానీ ఒకరి అవసరం ఒకరికి ఉండటం వల్లే గిరన్ వీధిలో ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య అంత మాట, అంత బేరం, అంత పరిచయం పుట్టింది. అవసరాన్ని తగ్గించిన ప్రతిచోటా ఆ పరిచయం కూడా కొంత తగ్గుతుంది. ఆటలు రూపొందించేవాళ్లు సౌకర్యాన్ని పెంచేటప్పుడు ఈ నష్టాన్ని కూడా లెక్కలో వేయాలని నా విన్నపం.

ఇప్పటి పిల్లలు ఆడే ఆటల్లోనూ తయారుచేసే పాత్రలున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా వీరుణ్ణి వదిలి కమ్మరిని ఎంచుకుంటే, అదేం ఆట అని తీసిపారేయకండి. ఏం చేస్తున్నావు, దానికి ఏం సరుకు కావాలి, ఎవరి కోసం చేస్తున్నావు అని అడగండి. ఆ మూడో ప్రశ్నకు వాళ్ల దగ్గర ఒక పేరు సిద్ధంగా ఉంటే, వాళ్లు పని నేర్చుకుంటున్నట్టే. కొత్తగా సుత్తి పట్టేవాళ్లకు నేను చెప్పేది కూడా అంతే: నూటికి నూరు ఫలించే చిన్న సరుకులతో మొదలుపెట్టండి, లెక్క రాసుకోండి, 60 శాతం రెసిపీ ముట్టుకునే ముందు ఎదుటివాడికి ఆ మిగిలిన 40 గురించి చెప్పండి.