పుల్ల వేరు, ఆకు వేరు

మామిడి కోతలు ముగిశాక నూజివీడు వైపు వెళ్తే, తోటల్లో అడ్డదిడ్డంగా పెరిగిన కొమ్మల మీద కత్తెర, రంపం ఆడుతుంటాయి. సాయంత్రానికి గట్టున కుప్ప లేస్తుంది. చాలా చోట్ల దాని గతి అగ్గిపుల్లే. నా పేచీ అక్కడే.

ఆ కుప్పలో ఉన్నది ఒకే సరుకు కాదు. ఎండిన కలపలో సుమారు 40 శాతం సెల్యులోజ్, అటూఇటూగా పాతిక శాతం లిగ్నిన్. కొమ్మకి గట్టిదనం ఇచ్చేది ఈ లిగ్నినే. దాన్ని పూర్తిగా విడగొట్టడం కొన్ని బూజులకే చేతనవును. లావు కొమ్మలో నత్రజని ఒక పాలుంటే కర్బనం వందల పాళ్ళు. ఎరువుగా దాని విలువ అంతంతమాత్రమే.

ఆకు కథ వేరు. పండుటాకు రాలే ముందు చెట్టు అందులోని నత్రజని, భాస్వరం, పొటాష్ చాలావరకు వెనక్కి లాగేసుకుంటుంది. సున్నం మాత్రం ఆకులోనే ఉండిపోతుంది. మనం కోసిన పచ్చాకు విషయంలో చెట్టుకి ఆ వ్యవధి దొరకదు, ఉన్నదంతా ఉన్నట్టే కింద పడుతుంది. కాకపోతే మామిడాకు మొండిది. టానిన్లు, పైన మైనపు పూత. వానకి నానిన కుప్ప అడుగున చెయ్యి పెట్టి చూడండి: నల్లబడ్డా, ఈనెలతో సహా చిరగకుండా చేతికొస్తుంది.

నిప్పు పెడితే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. బూడిదలో మిగిలేది సున్నం, పొటాష్, కాస్త భాస్వరం. ఆ బూడిదకి క్షారగుణం. చౌడు నేలలో చల్లితే పుండు మీద కారమే. యూరియా బస్తా కోసం లైన్లో నిలబడేదీ మనమే, తోటలో ఉన్న నత్రజనిని తగలబెట్టేదీ మనమే!

సన్న పుల్లల్ని ముక్కలు కొట్టి పాదు పైన పరిస్తే తేమ నిలుస్తుంది. మట్టిలో మాత్రం కలపొద్దు. కలిపితే వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని వాడేసుకుని చెట్టుని పస్తు పెడతాయి. చెద భయం ఉంటుంది కాబట్టి మొదలుకి మూరెడు దూరం వదలాలి. లావు కొమ్మలు పొయ్యిలోకి పోతే నాకే అభ్యంతరమూ లేదు. కాల్చక తప్పనివీ ఉన్నాయి: మచ్చ తెగులు పట్టిన దానిమ్మ కొమ్మల్ని కాల్చాల్సిందే. రాగి ఉండే బోర్డో మిశ్రమం ఏటా కొట్టే తోటల వాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి: ఆకు కుళ్ళుతుంది గానీ దాని మీది రాగి కుళ్ళదు, పాదులోనే పేరుకుంటుంది.

ఆకు దూయించడానికి కూలీ ఖర్చు ఉంది, కాదనను. కుప్పని ఎండనిచ్చి కర్రతో కొట్టండి, చాలావరకు ఊడుతుంది. ఊడిన ఆకుని పేడనీళ్ళతో తడిపి మగ్గబెట్టండి. ఈ ఏడాది ఒక్క కుప్పకైనా నిప్పు పెట్టకుండా చూడండి.