బెండు మునిగేదాకా

ఈ పుస్తకం రాసిన అమ్మాయి నాకు పన్నెండేళ్ల పిల్లగా తెలుసు. 2009 చలికాలం న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో గడిపాను. బయట అడుగు పెట్టనివ్వని చలి. పక్కింటి తెలుగువారి పాప సాయంత్రాలు మా మనవడితో ఆడుకోవడానికి వచ్చేది. ఒకరోజు తెల్లటి రిమోట్ నా చేతిలో పెట్టి, దాని తాడు మణికట్టుకు తగిలించి, "తాతగారూ, చేపలు పడదాం రండి" అంది.

నేను కోనసీమలో కాలవగట్టున పెరిగినవాణ్ని. టీవీలో చేపలేమిటనుకుంటూనే చెయ్యి విసిరాను. తెరమీద గాలం వెళ్లి ఏట్లో పడింది. నల్లటి నీడ ఒకటి మెల్లగా తిరిగి వచ్చి ఎర కొరికింది. లాగేశాను. చేప పోయింది. "అప్పుడే లాగకండి తాతగారూ. అది రెండు మూడుసార్లు రుచి చూస్తుంది. ఆ బంతి పూర్తిగా మునగాలి" అంది. అరవై ఏళ్ల కిందట మా నాన్న నాకు చెప్పిన మాట సరిగ్గా ఇదే. ఆ బంతిని మనం బెండు అంటామని ఆ రోజు చెప్పాను. ఇప్పుడు ఈ పుస్తకంలో 'బెండు' అన్న మాట కనబడగానే కాసేపు చదవడం ఆపేశాను.

ఆ యంత్రం నింటెండో వారి 'వీ'. ఆ ఆట 2008లో వచ్చిన 'యానిమల్ క్రాసింగ్: సిటీ ఫోక్'. ఈ పుస్తకం ఆ ఆట గురించే. గెలుపు లేదు, ఓటమి లేదు. జంతువులు ఇరుగుపొరుగుగా ఉన్న ఊళ్లో ఇల్లు తీసుకుని బతకడమే. యంత్రం పనితీరును ఈమె విడమరిచిన పద్ధతి నాకెంతో నచ్చింది. టీవీ దగ్గర పెట్టే సన్నటి పట్టీని సెన్సర్ బార్ అంటారు గానీ, అది దేన్నీ చూడదు. అందులో ఉన్నవి కంటికి కనబడని పరారుణ కాంతినిచ్చే దీపాలు. చూసే కన్ను రిమోట్ కొనలో ఉంది. దీపస్తంభాన్ని బట్టి ఓడ తానెక్కడుందో తెలుసుకున్నట్టు, ఆ దీపాలను బట్టి రిమోట్ తానెటు చూస్తోందో తెలుసుకుంటుంది. చెయ్యి ఊపును కొలిచే యాక్సిలరోమీటర్ వేరే ఉంది. నాలాంటివాడికి కూడా ఇది ఒక్క చదువులో బోధపడింది.

ఈ ఆట మూలపురుషుడు కత్సుయా ఎగుచి. 1986లో నింటెండోలో చేరడానికి సొంతవారిని చిబాలో వదిలి క్యోటో వచ్చాడు. ఆ వెలితిలోంచి, ఇంటికి పొద్దుపోయి చేరే నాన్న కూడా పిల్లలతో కలిసి ఆడగల ఆట కావాలన్న కోరికలోంచి ఈ ఊరు పుట్టింది. ఒకే ఊళ్లో నలుగురి దాకా ఉండవచ్చు, ఎవరి వేళకు వారు వచ్చి పోవచ్చు. ఒకరు వదిలి వెళ్లింది తరవాత వచ్చినవారికి కనబడుతుంది.

ఈమె తల్లి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. పాప బడినుంచి వచ్చేసరికి ఆవిడ బయల్దేరేది. తెల్లవారి వచ్చి, నిద్రపోయే ముందు పావుగంట ఆ ఊళ్లో తిరిగి, ఒక పండు జతచేసి కూతురికి ఉత్తరం వేసేది. తెలుగు మాటలే, ఇంగ్లిష్ అక్షరాల్లో. "ఫ్రిజ్‌లో పప్పు ఉంది, వేడి చేసుకో. చెట్టు కింద పళ్లు ఏరిపెట్టాను." ఆటలో ఉన్న అమ్మ పాత్ర కూడా అప్పుడప్పుడు ఉత్తరాలు పంపుతుందట. పాప రెండింటినీ పక్కపక్కనే దాచుకుంది. ఆ ఉత్తరాల అధ్యాయం ఈ పుస్తకానికి ప్రాణం. వలస జీవితం మీద నేను చదివినవి తక్కువేమీ కావు. ఇంట్లో ఉండి కూడా ఒకరికొకరు దొరకని తల్లీకూతుళ్లను ఇంత దగ్గరగా చూపినది నాకింతకు ముందు తగల్లేదు.

టర్నిప్‌ల వ్యాపారం గురించి కూడా ముచ్చటగా రాసింది. ఆదివారం పొద్దున అడవిపంది రూపంలో ఒక ముసలమ్మ వచ్చి టర్నిప్‌లు అమ్ముతుంది. వారంలో ధర పెరిగినప్పుడు అమ్ముకోవాలి, వచ్చే ఆదివారానికి కుళ్లిపోతాయి. జపాన్ భాషలో 'కబు' అంటే టర్నిప్, కంపెనీ వాటా కూడా. ఇది చదువుతుంటే నాకు మదనపల్లె టమాటా మార్కెట్ కళ్లముందుకొచ్చింది. ఆటలో ఊరినుంచి బస్సెక్కి వెళ్లే పట్నం గురించి మాత్రం మరో నాలుగు పేజీలు రాయవలసింది. రెండో ముద్రణలోనైనా రాయమని ఆమెతో చెప్పాను.

ఆటలోని ఊరి గడియారం మన గడియారమే. మనం వెళ్లకపోయినా గడ్డి పెరుగుతుంది, పొరుగువారు ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోతారు. కాలేజీ చదువు ముగించుకుని నాలుగేళ్ల తరవాత ఈమె ఆ ఊరు తెరిచింది. దారి కనబడనంత కలుపు. మిగిలిన పొరుగువాడొకడు, ఇన్ని నెలలు ఎక్కడికి పోయావని అడిగాడు. తాళం వేసిన మా ఊరి ఇంటి తలుపు తీసినప్పుడు ఎదురింటి వాళ్లు నన్ను అడిగినది కూడా అదే. పొద్దుటినుంచి రాత్రి దాకా కూర్చుని కలుపంతా పీకి, తల్లికి ఒక ఉత్తరం రాసి పోస్టులో వేసింది. ఆవిడ అది ఎప్పుడు తెరిచిందో, ఏం జవాబు రాసిందో చివరి అధ్యాయంలో ఉంది. అది నేను చెప్పను. చదవండి.