రాయిటర్ నియమావళి - ఒక పరిశీలన

వార్తాసంస్థల వృత్తిధర్మాన్ని గురించి చర్చ వచ్చినప్పుడెల్లా ఆదర్శంగా చూపబడేది రాయిటర్ సంస్థ 1941లో ఏర్పరచుకొన్న ట్రస్టు నియమావళి. సంస్థ ఏ ఒక్క వర్గానికీ, ముఠాకూ వశం కారాదనీ, దాని నిజాయితీ, స్వాతంత్ర్యం, నిష్పాక్షికత సదా కాపాడబడాలనీ అందులోని ముఖ్యాంశం. యుద్ధం సాగుతుండగా, ప్రభుత్వపు నీడ సంస్థపై పడుతున్నదన్న శంక బలపడిన రోజులలో వ్రాసుకొన్న మాటలివి. కనుక వాటిని కేవలం అలంకారాలని కొట్టివేయడం న్యాయం కాదు.

అయితే ఆ నియమావళి పరీక్షకు నిలిచిందా? రహస్యముద్ర తొలగిన బ్రిటిష్ ప్రభుత్వ పత్రాల ద్వారా 2020 జనవరిలో ఒక సంగతి బయటపడింది. మధ్యప్రాచ్యంలోనూ, లాటిన్ అమెరికాలోనూ రాయిటర్ వార్తాసేకరణను విస్తరింపజేయడానికి 1969లో కుదిరిన ఏర్పాటు ప్రకారం బ్రిటిష్ ప్రభుత్వం గుప్తంగా ధనసహాయం చేసింది. తొలుత ఏటా 2,45,000 పౌన్లు. తరువాత అది తగ్గింది. దీని వెనుక ఉన్నది సోవియట్ వ్యతిరేక ప్రచారం కోసం నెలకొల్పబడి, గూఢచారి సంస్థతో సంబంధం గల ఒక ప్రభుత్వ విభాగం. డబ్బు నేరుగా చేతులు మారలేదు. బి.బి.సి. రాయిటర్‌కు హెచ్చు చందా చెల్లించేది. ఆ హెచ్చును ప్రభుత్వ ఖజానా బి.బి.సి.కి భర్తీ చేసేది. లెక్కలు చూచినవారికి కనిపించేది చందా మాత్రమే!

హదీసు శాస్త్రంలో ప్రవేశం గల పాఠకులకు ఇది తద్లీస్‌ను జ్ఞాపకం చేయకమానదు. తాను కలుసుకొన్న గురువు నుండి స్వయంగా వినని మాటను, నడుమనున్న వ్యక్తి పేరు దాచి, విన్నట్లే తోచే రీతిలో ఉల్లేఖించడం తద్లీస్. పోలికకు హద్దున్న మాట నిజమే. అక్కడ దాచబడినవాడు ఉల్లేఖకుడు, ఇక్కడ దాచబడినవాడు ధనదాత. కాని ముహద్దిసులు అవలంబించిన తూనిక ఇక్కడా పనికివస్తుంది. ముదల్లిస్ స్వతహాగా విశ్వసనీయుడైతే, "నేను విన్నాను" అని స్పష్టంగా చెప్పిన ఉల్లేఖనాన్ని వారు స్వీకరించారు; "ఫలానా వారి నుండి" అని అస్పష్టంగా అన్నప్పుడు ఆపి ఉంచారు.

అలా తూచితే, ఆనాటి బేరూతు, కైరో వార్తలన్నీ అసత్యాలని తీర్పు చెప్పడానికి వీలులేదు. ఆ పత్రాలలో కనిపించేది పై స్థాయిలో తమ మాట చెల్లుబాటవుతుందన్న అధికారుల ఆశ మాత్రమే. కాని ఆ వార్తలను తూచుకొనే అవకాశమే పాఠకునికి లేకపోయింది. పి.టి.ఐ. ద్వారా రాయిటర్ వార్తలందుకొన్న భారతీయ పత్రికల పాఠకులకూ అంతే.

2020లో ఈ సంగతిని రాయిటర్ తానే వార్తగా ప్రకటించింది. ఆ ఏర్పాటు తమ నియమాలకు తగినది కాదనీ, నేడైతే అలా చేయబోమనీ సంస్థ ప్రతినిధి అంగీకరించారు. ఇది మెచ్చదగినదే, యాభై ఏండ్లు ఆలస్యమైనా. లోపం నియమావళిలోనే ఉన్నది. సేవల విస్తరణకు ఏ ప్రయత్నమూ మానరాదని దాని చివరి సూత్రం చెబుతుంది. గుప్తధనం వచ్చింది సరిగ్గా ఆ విస్తరణ పేరిటనే. ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో పాఠకునికి తెలుపవలెనని మాత్రం ఏ సూత్రమూ చెప్పదు.

ఈ గొలుసులో చివరి లంకె అనువాదకుడు. పేరు చెప్పవద్దన్న ముగ్గురు అధికారులు తెలిపారని ఆంగ్లమూలంలో ఉన్నది తెలుగులోకి వచ్చేసరికి "అభిజ్ఞ వర్గాల భోగట్టా" అవుతుంది. తొందరలో "తెలియవచ్చింది" అని కుదించబడుతుంది. చెప్పినవారు ఎందరో, ఎటువంటివారో మూలంలో కొంతైనా తెలిసేది. అనువాదంలో వార్త ఆకాశం నుండి ఊడిపడినట్లుంటుంది. "పేరు చెప్పని ముగ్గురు అధికారులు" అన్న మాటను నిలుపుకోవడానికి పత్రికలో అరపంక్తి చోటు చాలు.