ఆడని ఆ ఒక్క సెమీఫైనల్

పీ.టీ. సారు రాని రోజు మా తరగతిలో ఒక వాదన మొదలైంది. మన తెలుగువాళ్ళలో గొప్ప బాక్సర్ ఎవరు అని ఎవరో అడిగితే, అందరూ ఒక్కసారే నిఖత్ జరీన్ అన్నారు. నేను మహ్మద్ హుసాముద్దీన్ పేరు కూడా చెప్పాను. సగం మందికి ఆ పేరే తెలియదు. తెలిసిన ఒక్క స్నేహితుడేమో, "అతనా? సెమీఫైనల్ దాకా వచ్చి ఆడకుండా వెళ్ళిపోయాడు కదా!" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

హుసాముద్దీన్‌ది నిజామాబాద్. నిఖత్‌ది కూడా ఆ ఊరే. నిఖత్‌కు మొదట్లో బాక్సింగ్ నేర్పిన శంసాముద్దీన్ గారు హుసాముద్దీన్‌కు తండ్రి. అన్నలు కూడా బాక్సర్లే. మా దేవనహళ్ళిలో ఏ మైదానానికి వెళ్ళినా మూడు వికెట్లు, ఒక బ్యాటు కనిపిస్తాయి. ఆ ఇంట్లో మాత్రం గ్లౌజులు కనిపించి ఉంటాయి. హుసాముద్దీన్ సైన్యంలో చేరి సర్వీసెస్ తరఫున ఆడాడు. 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 56 కిలోల విభాగంలో కాంస్యం, 2022లో బర్మింగ్‌హామ్‌లో 57 కిలోల్లో మళ్ళీ కాంస్యం. ఆ తర్వాత వచ్చింది 2023 మే నెల, తాష్కెంట్, ప్రపంచ చాంపియన్‌షిప్.

అక్కడ క్వార్టర్ ఫైనల్లో బల్గేరియా బాక్సర్ డియాజ్ ఇబానెజ్‌తో ఆడాడు. ఆ పోటీ ఎంత దగ్గరగా జరిగిందంటే, ఐదుగురు జడ్జీల లెక్క తేలక రివ్యూకు వెళ్ళింది. చివరికి 4-3తో హుసాముద్దీన్ గెలిచాడు. పతకం ఖాయమైంది. బాక్సింగ్‌లో మూడో స్థానానికి వేరే పోటీ పెట్టరు, సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. కానీ ఆ క్వార్టర్ ఫైనల్లోనే మోకాలికి గాయమైంది. నొప్పి, వాపు తగ్గలేదు. మే 12న క్యూబాకు చెందిన సైడెల్ హోర్టాతో సెమీఫైనల్ ఉంది. వైద్యబృందం వద్దంది. హుసాముద్దీన్ బరిలోకి దిగలేదు, హోర్టా ఆడకుండానే ఫైనల్‌కు వెళ్ళాడు. అదే రోజు మన దీపక్ భోరియా, నిశాంత్ దేవ్ ఆడి ఓడిపోయారు. ముగ్గురికీ కాంస్యాలే వచ్చాయి. ప్రపంచ పోటీల్లో మన మగవాళ్ళకు ఒకేసారి మూడు పతకాలు రావడం అదే మొదటిసారి.

ఇక అసలు ప్రశ్న. మోకాలు బాగుంటే హుసాముద్దీన్ ప్రపంచ చాంపియన్ అయ్యేవాడా? అభిమానులు అయ్యేవాడనే అంటారు. నేను కూడా మొదట అలాగే అనేవాణ్ణి. ఇప్పుడు అనలేను. ఎందుకంటే 2018లో సెమీఫైనల్లోనే ఇంగ్లండ్ బాక్సర్ పీటర్ మెక్‌గ్రెయిల్ చేతిలో ఓడిపోయాడు. 2022లోనూ సెమీఫైనల్లోనే, ఘనా కుర్రాడు జోసెఫ్ కమీ చేతిలో. ఆ రెండుసార్లూ బరిలో దిగి, ఆడి ఓడిపోయాడు. అంటే ఆ మెట్టు దగ్గర ముందే రెండుసార్లు ఆగిపోయాడు. పైగా హోర్టాను దాటినా ఫైనల్లో ఎదురయ్యేది ఉజ్బెకిస్తాన్ బాక్సర్ అబ్దుమాలిక్ ఖలోకోవ్. అతని సొంత జనం, సొంత దేశపు బరి. ఖలోకోవే ఆ ఏడాది చాంపియన్ అయ్యాడు, మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో అదే 57 కిలోల్లో స్వర్ణం కూడా గెలిచాడు. కాబట్టి నా లెక్క ఇది: రజతం అందేది కావచ్చు, స్వర్ణం కష్టం. అభిమానంతో దీన్ని మార్చి రాస్తే అది వ్యాసం అవదు, పొగడ్త అవుతుంది.

అలాగని "అంతే, గొప్పవాడు కాడు" అని కొట్టిపారేస్తే కూడా నేను ఒప్పుకోను. మణిపూర్ బాక్సర్ డింకో సింగ్ సంగతి చూడండి. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల జట్టులో మొదట అతనికి చోటే దక్కలేదు. తర్వాత చేర్చుకుంటే 54 కిలోల్లో స్వర్ణం తెచ్చాడు. అప్పటికి పదహారేళ్ళుగా ఆసియా క్రీడల బాక్సింగ్‌లో మనకు స్వర్ణం లేదు. అప్పుడు డింకో వయసు 19. రెండేళ్ళ తర్వాత సిడ్నీ ఒలింపిక్స్‌లో మొదటి పోటీలోనే ఇంటికి వచ్చేశాడు. 2021లో 42 ఏళ్ళకే క్యాన్సర్‌తో చనిపోయాడు. డింకో మంచి రోజులు హుసాముద్దీన్ మంచి రోజులకన్నా చాలా తక్కువ. అయినా అతన్ని గొప్పవాడు అనడానికి ఎవరూ వెనకాడరు, మేరీ కోమ్ కూడా అతన్ని చూసే బాక్సింగ్‌లోకి వచ్చానని చెప్పింది. అంటే మంచి కాలం ఎన్నేళ్ళు ఉంది అనేది కాదు విషయం. ఆ కాలంలో ఒక్క పెద్ద పోటీ దొరకాలి, అందులో చివరిదాకా ఆడనివ్వాలి. డింకోకు అది దొరికింది. హుసాముద్దీన్‌కు తాష్కెంట్‌లో దొరికి, చేతిలోంచి జారిపోయింది.

మోకాలి ఒక్కదాని మీదే నింద వేయడం కూడా నాకు సరిగా అనిపించదు. ఒలింపిక్స్ సంగతి ఉంది. టోక్యోలో గానీ పారిస్‌లో గానీ పురుషుల 57 కిలోల్లో భారతదేశం నుంచి ఒక్కరు కూడా ఆడలేదు, ఆ విభాగంలో మనకు అర్హతే రాలేదు. కరోనా వచ్చి పోటీలు ఆగిపోయినప్పుడు హుసాముద్దీన్‌కు 26 ఏళ్ళు. బాక్సర్‌కు అది బంగారం లాంటి వయసు. తాష్కెంట్ నాటికి 29. నిఖత్‌కు కూడా 2017లో భుజానికి పెద్ద గాయమై దాదాపు ఏడాది పోయింది. కానీ అప్పుడు ఆమెకు 21. తిరిగొచ్చి 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యింది. ఒకే ఊరు, ఒకే గురువు, ఇద్దరికీ గాయాలే. మధ్యలో ఎనిమిదేళ్ళ తేడా. 2024 మార్చిలో ఇటలీలో ఒలింపిక్ అర్హత పోటీకి వెళ్ళిన హుసాముద్దీన్ ఐర్లాండ్ బాక్సర్ జూడ్ గాలఘర్ చేతిలో ఓడిపోయాడు. అంతకు రెండు నెలల ముందే అర్జున అవార్డు అందుకున్నాడు.

ఇప్పుడు నా స్నేహితుడి మాటకు వస్తాను. "ఆడకుండా వెళ్ళిపోయాడు." నిజమైన వీరుడైతే విరిగిన కాలితోనైనా ఆడతాడని వాడి ఉద్దేశం. సినిమాల్లో అలాగే చూపిస్తారు. పోయిన ఏడాది తాలూకా కబడ్డీ పోటీల్లో మాతో ఆడే ఒక అబ్బాయి మోకాలు వాచినా బరిలో దిగాడు. మేమంతా గొంతు పోయేలా అరిచాం, పెద్దవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఒక్కరు కూడా "చాలు, బయటికి రారా" అనలేదు. నేను కూడా అనలేదు. మేము ఆ ఆట ఓడిపోయాం. ఆ తర్వాత మూడు నెలలు వాడు మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కాడు. వాడి సంచీ నేను మోశాను.

హుసాముద్దీన్ ఆ రోజు దిగి ఉంటే మొదటి రౌండ్లోనే పడిపోయేవాడేమో. పడిపోతే మనం ధైర్యం అని మెచ్చుకునేవాళ్ళం, పదినెలల తర్వాత ఇటలీకి వెళ్ళడానికి మాత్రం కాలు ఉండేది కాదేమో. దిగకుండా ఉండటం తేలిక అనుకుంటాం. జీవితంలో దొరికిన అతి పెద్ద పోటీ ముందు కూర్చుని, వద్దు అన్న డాక్టరు మాట వినడానికి ఎంత కష్టపడి ఉంటాడో నాకు ఊహకు కూడా అందదు. అతన్ని మహా బాక్సర్ అనడానికి పతకాల లెక్క ఒప్పుకోదు. పారిపోయాడు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇది రాసి మొదట ఆ స్నేహితుడికే చూపించాను. ఖలోకోవ్ గురించి రాసింది బాగుంది అన్నాడు. మిగతాది మళ్ళీ ఖాళీ పీరియడ్ వచ్చినప్పుడు తేల్చుకుందాం అన్నాడు.